ఇంటర్వ్యూ కోచింగ్‌కు డబ్బు కట్టవలెనా?

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో మాట్లాడమని మాకిచ్చిన విషయం చూడడానికి చిన్నది, ఆలోచిస్తే చిన్నది కాదు. బ్యాంకు ఆఫీసరు ఉద్యోగానికి రాతపరీక్ష గట్టెక్కిన పిల్లలు ఇంటర్వ్యూకు పోయే ముందు డబ్బు కట్టి కోచింగ్ తీసుకొనవలెనా, అక్కరలేదా? మన విద్యా కమిటీ ముందుకు ఇటువంటి అర్జీలు వస్తున్నాయి. ఫీజుకు సాయం చేయండని తండ్రులు అడుగుతున్నారు. ఒక తల్లి అయితే చేతి గాజులు కుదువ పెట్టడానికి సిద్ధపడి, "మాస్టర్ సాబ్, పెట్టమంటారా, వద్దంటారా? ఒక్క మాట చెప్పండి" అని మమ్ములను అడిగింది. ఇంటాయన ఆటో నడుపుతాడు. కొడుకు మెయిన్స్ పాసయినాడు. ఇంటర్వ్యూకు మూడు వారాలే వ్యవధి. అటువంటి తల్లితో "మీ ఇష్టం అమ్మా" అని తప్పుకొనుట పంతులు చేయవలసిన పని కాదు. కమిటీ చేతిలోని సొమ్ము కూడా మీ అందరి చందా సొమ్మే. కనుక లెక్క చూసుకొనే మాట్లాడుదాము.

వడ్డీ వ్యవహారం నడిచే చోట ఉద్యోగం చేయవచ్చునా అని కొందరు పెద్దలు అడుగుతారు. అది ఉలమాను అడిగి తెలుసుకోవలసిన విషయం. మాకిచ్చిన విషయం అది కాదు గనుక దాని జోలికి పోవడం లేదు. మేము బ్యాంకు మనుషులమూ కాము. ఉర్దూ మీడియం హైస్కూలులో లెక్కలు చెప్పుకునే వాళ్లం. మా దగ్గర చదివి బ్యాంకు పరీక్షలు రాసిన పిల్లలను అడిగి, నోటిఫికేషన్లు చదివి తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాము.

అసలు ఇంటర్వ్యూ ఉన్నదా?

మొట్టమొదట చూడవలసింది ఆ ఉద్యోగానికి ఇంటర్వ్యూ అనేది ఉన్నదా లేదా అని. నవ్వకండి. క్లర్కు పరీక్ష రాసే అమ్మాయి చేత ఇంటర్వ్యూ ప్యాకేజీకి కూడా కలిపి డబ్బు కట్టించుకున్న సంగతి మాకు తెలుసు.

కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుండి కింది స్థాయి పోస్టులకు ఇంటర్వ్యూలు తీసివేసింది. బ్యాంకుల్లో కూడా క్లర్కు స్థాయి ఉద్యోగానికి ఇప్పుడు ఇంటర్వ్యూ లేదు. స్టేట్ బ్యాంకులో జూనియర్ అసోసియేట్ అన్నా, ఐ.బి.పి.ఎస్. ద్వారా తీసుకునే క్లర్కు అన్నా, గ్రామీణ బ్యాంకులో ఆఫీస్ అసిస్టెంట్ అన్నా రాతపరీక్ష మార్కులమీదనే ఎంపిక. స్థానిక భాష వచ్చునో లేదో మాత్రం చూస్తారు. స్టేట్ బ్యాంకులో పదో తరగతిలో గాని పన్నెండులో గాని ఆ భాష చదివినట్లు మార్కుల పట్టీ చూపిస్తే ఆ భాషా పరీక్ష రాయనక్కరలేదు. మన ఉర్దూ మీడియం పిల్లలు తెలుగు ద్వితీయ భాషగా చదువుతారు కదా. ఆ పట్టీని ట్రంకు పెట్టెలో భద్రంగా దాచండి. మరో మంచి సంగతి: క్లర్కు పరీక్షలను 13 ప్రాంతీయ భాషల్లో కూడా పెట్టాలని 2021లో కేంద్ర ఆర్థిక శాఖ సిఫారసు చేసింది. వాటిలో తెలుగూ ఉంది, ఉర్దూ ఉంది.

ఇంటర్వ్యూ ఉండేది ఆఫీసరు ఉద్యోగాలకు. ఐ.బి.పి.ఎస్. ప్రొబేషనరీ ఆఫీసరు, స్టేట్ బ్యాంకు ప్రొబేషనరీ ఆఫీసరు, గ్రామీణ బ్యాంకు ఆఫీసర్ స్కేల్-1, రిజర్వు బ్యాంకు గ్రేడ్-బి, ఇవి ముఖ్యమైనవి. ఇకముందు చెప్పేదంతా వీటిని గురించే.

మార్కుల లెక్క

ఐ.బి.పి.ఎస్. ఆఫీసరు పరీక్షలో మొదటి మెట్టు ప్రిలిమ్స్. అది దాటడానికే గాని, ఆ మార్కులు చివర కలపరు. రెండవది మెయిన్స్. ఆబ్జెక్టివ్ 200, ఇంగ్లీషు రాతకు 25, మొత్తం 225 మార్కులు. ఇంటర్వ్యూ 100 మార్కులకు. చివరి జాబితా వేసేటప్పుడు మెయిన్స్‌కు 80 పాళ్లు, ఇంటర్వ్యూకు 20 పాళ్లు.

ఇప్పుడు పలక మీద లెక్క వేయండి. కోచింగ్ తీసుకున్నందువల్ల పిల్లవాడికి ఇంటర్వ్యూలో 50 రావలసింది 60 వచ్చిందనుకుందాం. పెరిగినవి 10 మార్కులు. చివరి లెక్కలో వాటి విలువ 2. అదే 2 మార్కులు మెయిన్స్ ద్వారా తెచ్చుకోవాలంటే 225లో ఐదారు మార్కులు ఎక్కువ తెచ్చుకుంటే చాలు. అంటే నాలుగైదు ప్రశ్నలు. కాబట్టి ఇంట్లో ఉన్నది ఒక్కసారికి సరిపోయే డబ్బే అయితే అది రాతపరీక్ష చదువుకు పోవాలి. రాత గట్టిగా రాసినవాడు ఇంటర్వ్యూకు సగం ధైర్యంతోనే పోతాడు.

అయితే ఇంటర్వ్యూను తేలికగా తీసుకోమని మా భావం కాదు. ఇందులో ఒక గోడ ఉంది. ఇంటర్వ్యూలో 40 శాతం, ఎస్.సి., ఎస్.టి., ఓ.బి.సి., దివ్యాంగులకు 35 శాతం రాకపోతే మెయిన్స్‌లో ఎన్ని వచ్చినా పేరు జాబితాలో ఉండదు. నోరు పెగలక కూర్చున్న పిల్లకు ఆ గోడ నిజమైన భయం. అదీగాక చివరి జాబితాలో ఒక్క మార్కులో వందమంది ఉంటారు, రెండు మార్కులతో ఉద్యోగం వచ్చినవాళ్లూ పోయినవాళ్లూ ఉన్నారు. స్టేట్ బ్యాంకులో పద్ధతి వేరు. అక్కడ మూడవ దశలో ఇంటర్వ్యూకు 30, అందరూ కలిసి చేసే గ్రూప్ ఎక్సర్‌సైజుకు 20 మార్కులు. ఆ మొత్తానికి చివర 25 పాళ్లు, మెయిన్స్‌కు 75. రిజర్వు బ్యాంకు గ్రేడ్-బి లో రాతకు 300, ఇంటర్వ్యూకు 75.

ఎటు చూసినా నాలుగింట మూడు వంతులు, అంతకు పైన రాతదే. మిగిలినది మాట తీరుది. ఈ పాళ్లు గుర్తు పెట్టుకొని బజారుకు పోవాలి.

గోడమీది ఫోటోలు

బజారులో మొదట కనబడేవి ఫోటోలు. పెద్ద బ్యానరు, నలభై ముఖాలు, కింద బ్యాంకుల పేర్లు. చూడగానే తల్లిదండ్రుల మనస్సు కరుగుతుంది. మేము ఆ ఫోటోలు అబద్ధమని అనడం లేదు. అవి ఏమి చెబుతున్నాయో, ఏమి చెప్పడం లేదో చూడమంటున్నాము.

స్టేట్ బ్యాంకు ఖాళీలకు సుమారు మూడు రెట్లమంది వరకు మూడవ దశకు పిలుస్తుంది. అంటే ఇంటర్వ్యూ గదిదాకా పోయిన ముగ్గురిలో ఒకరికి, ఏ కోచింగ్ లేకపోయినా, ఉద్యోగం వచ్చే లెక్కే. ఒక సంస్థ "మా దగ్గర ముప్పైమంది ఇంటర్వ్యూ ట్రైనింగ్ తీసుకున్నారు, పదిమందికి వచ్చింది" అంటే చప్పట్లు కొట్టే ముందు ఆగండి. ఆ పదిమంది మామూలుగా వచ్చేవాళ్లే కావచ్చు. ముప్పైలో ఇరవైమందికి వస్తే అప్పుడు ఆలోచించవలసిన సంగతి. సాధారణంగా బ్యానరు మీద పది ముఖాలే కనబడతాయి, ముప్పై అనే అంకె కనబడదు.

ఇంకొక కిటుకు. రాతలో పాసయిన పిల్లలను ఉచితంగా రండని పిలిచి, ఒక్కరోజు ఉత్తుత్తి ఇంటర్వ్యూ చేసి, ఉద్యోగం వచ్చాక వాళ్ల ఫోటో వేసుకోవడం. చూసేవాళ్లు ఏడాది పొడుగునా అక్కడే చదివినాడనుకుంటారు. ఇది మా ఊహ కాదు. సివిల్ సర్వీసు కోచింగ్ సంస్థలు కొన్ని ఇలాగే చేశాయని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ విచారణలో తేల్చి జరిమానాలు వేసింది. ఆ సంస్థే 2024 నవంబరులో కోచింగ్ ప్రకటనలకు మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం ఫోటో వేస్తే ఆ అభ్యర్థి ఏ కోర్సు తీసుకున్నాడో, ఎంతకాలమో, డబ్బు కట్టినదో ఉచితమో కూడా చెప్పాలి. ఎంపిక అయిన తర్వాత అభ్యర్థి అంగీకారం తీసుకోకుండా అతని ఫోటో వాడరాదు. ఉద్యోగం గ్యారంటీ అని చెప్పరాదు. మీరు కౌంటరు దగ్గర నిలబడి, "ఈ బాబు మీ దగ్గర ఏ కోర్సు, ఎన్ని రోజులు?" అని అడగండి. అది అడిగే హక్కు మీకు ఉంది.

బోర్డు అడిగేది ఏమిటి?

మా పిల్లలు తిరిగివచ్చి చెప్పిన ప్రశ్నలన్నీ మూడు గంపల్లో పడతాయి.

మొదటి గంప నీ సంగతి. నీ గురించి చెప్పు. బి.టెక్. చదివి బ్యాంకుకు ఎందుకు వచ్చావు? చదువు అయ్యాక రెండేళ్లు ఏమి చేశావు? నిన్ను దూర రాష్ట్రంలో పల్లెటూరి శాఖకు వేస్తే పోతావా?

రెండవ గంప నీ ఊరి సంగతి. కర్నూలు నుండి వచ్చానంటే, ఆదోని దేనికి ప్రసిద్ధి అని అడుగుతారు. పత్తి మార్కెట్ అని చెబితే అక్కడితో ఆగరు. పత్తి రైతుకు బ్యాంకు ఏమి ఇస్తుంది? కిసాన్ క్రెడిట్ కార్డు అంటే ఏమిటి, ఎప్పుడు వచ్చింది? 1998లో వచ్చింది. పంట రుణం 3 లక్షల వరకు 7 శాతం వడ్డీ, గడువులో కడితే 4 శాతానికి దిగుతుంది. తాకట్టు లేకుండా ఇచ్చే వ్యవసాయ రుణం పరిమితి 2025 జనవరి 1 నుండి 2 లక్షలు. కె.సి. కాలువ కింద ఏ ఊళ్లున్నాయి, పత్తికొండ టమాటా ధర ఎందుకు పడిపోతుంది, ఇవన్నీ ప్రశ్నలే. ఇవి ఏ నగరంలోని కోచింగ్ మాస్టరూ చెప్పలేడు. మార్కెట్ యార్డులో హమాలీ పని చేసే మన మామలు చెప్పగలరు.

మూడవ గంప బ్యాంకు సంగతి. 1969 జులై 19న 14 బ్యాంకులు, 1980 ఏప్రిల్ 15న 6 బ్యాంకులు జాతీయం అయినవి ఎందుకు? రెపో రేటు పెంచితే ఇంటి రుణం మీద ఏమవుతుంది? నిరర్థక ఆస్తి అని ఎప్పుడంటారు? వాయిదా గాని వడ్డీ గాని 90 రోజులకు మించి రాకపోతే. డిపాజిట్ బీమా ఎంత? 5 లక్షలు. మచిలీపట్నంలో పట్టాభి సీతారామయ్యగారు 1923లో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు ఏమైంది? 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. 1941లో నిజాము కాలంలో పుట్టిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు ఏమైంది? స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌గా మారి, 2017లో స్టేట్ బ్యాంకులో కలిసింది.

చూడండి, మూడవ గంప పుస్తకాల్లోనూ రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులోనూ ఉచితంగా దొరుకుతుంది. రెండవ గంప మన వీధిలో దొరుకుతుంది. మొదటి గంప పిల్లవాడి లోపల ఉంది. మరి కోచింగ్ వాళ్లు అమ్మేది ఏమిటి?

కోచింగ్ ఇచ్చేది, ఇవ్వలేనిది

న్యాయంగా చెప్పాలంటే వాళ్లు ఇచ్చేది ఒకటి ఉంది. ముక్కూ ముఖం తెలియని నలుగురి ముందు కూర్చోబెట్టి మాట్లాడించడం, తర్వాత తప్పు చెప్పడం. ఈత గట్టు మీద నేర్చుకునేది కాదు, నీళ్లలో దిగాలి. మన పిల్లలకు ఈ అవసరం ఇతరులకన్నా ఎక్కువ. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. మూడూ వస్తాయి, కాని పెద్దమనిషి ఎదుట ఏది తియ్యాలో తెలియక మూడూ గొంతులో చిక్కుకుంటాయి. ఆడపిల్లల్లో కొందరు కొత్త మగవారి ముందు తల ఎత్తి పది నిమిషాలు మాట్లాడిన సందర్భమే ఉండదు.

అటువంటి ఒక అమ్మాయికి డబ్బు కట్టమని చెప్పింది మేమే. బి.కామ్. మంచి మార్కులతో పాసయింది. లెక్కలో పిడుగు. పేరు అడిగితే మాత్రం గొంతు వణుకుతుంది. ఆమెకు కావలసింది ఇంటర్వ్యూకు ముందు పదిరోజుల ప్యాకేజీ కాదు. మెయిన్స్ కంటే ముందే మొదలుపెట్టి, మూడు నెలలు రోజూ గంటసేపు ఇంగ్లీషులో మాట్లాడించే చోటు కావాలి. వాళ్ల మామయ్య ఫీజు కట్టినాడు. ఆమె నేడు గ్రామీణ బ్యాంకులో ఆఫీసరు. అది కోచింగ్ వల్లనే అని మేము ప్రమాణం చేయలేము. గొంతు వణుకు పోయింది, అది మా చెవులతో విన్నాము.

ఇవ్వలేనిది కూడా చెప్పాలి. అచ్చు పోసిన జవాబులు బట్టీ పట్టించే చోట్లు ఉన్నాయి. ఒక కుర్రవాడు "నా బలహీనత ఏమిటంటే నేను మరీ ఎక్కువ కష్టపడతాను" అని నేర్చుకొని పోయినాడు. బోర్డులోని పెద్దాయన నవ్వి, "పొద్దుటినుండి ఈ మాట చెప్పినవాడివి నీవు నాలుగవవాడివి బాబూ" అన్నాడట. ఆ తర్వాత పిల్లవాడికి సొంతమాట కూడా రాలేదు. వాళ్ల నాన్న టైలరు. కొలతలు తీసుకోవడం, అప్పు పెట్టిన గిరాకీ దగ్గర మర్యాదగా డబ్బు రాబట్టడం ఆ పిల్లవాడు చిన్నప్పటినుండి దుకాణంలో చూసినవే. బ్యాంకు ఆఫీసరు చేయవలసింది అదే పని. ఆ సంగతి చెప్పి ఉంటే పెద్దాయన కుర్చీ ముందుకు జరుపుకొనేవాడు. అద్దె జవాబు కోసం సొంత జవాబును ఇంట్లో వదిలి పోయినాడు.

గాజుల తల్లికి మేము కుదువ పెట్టవద్దనే చెప్పాము. ఎందుకంటే ఆమె కొడుకును అరగంట మాట్లాడించి చూశాము. ఇంగ్లీషు తడబడుతుంది గాని ఆగదు. ఊరి సంగతులు తెలుసు. మూడు వారాల్లో ఇంగ్లీషు మారిపోదు, ఎవరికి కట్టినా మారదు. అతనికి కావలసింది ఐదారుసార్లు గట్టిగా ఇంటర్వ్యూ చేసి తప్పులు చెప్పే మనుషులు. మన మొహల్లాలో బ్యాంకులో రిటైరయిన ఇద్దరు పెద్దలు ఆదివారాలు కూర్చున్నారు. మూడవ కుర్చీలో మేము కూర్చున్నాము. ఫోనులో రికార్డు చేసి అతనికే వినిపించాము. "అంటే... అంటే..." అని ఎన్నిసార్లు అన్నాడో అతనే లెక్కపెట్టుకున్నాడు. నాలుగోసారికి ఆ లెక్క సగానికి దిగింది. ఇంటర్వ్యూ అయింది, ఫలితం రావలసి ఉంది. వచ్చినా రాకపోయినా గాజులు ఇంట్లో ఉన్నాయి, వడ్డీ మోపు లేదు.

ఎప్పుడు కట్టవలెను, ఏమి అడగవలెను?

కనుక మా అభిప్రాయం ఇది. మొదట ఇంట్లోవాళ్లు కాని ఇద్దరు పెద్దమనుషుల ముందు పిల్లలను అరగంట కూర్చోబెట్టండి. మాట వస్తూ, సమాచారం తక్కువైతే పుస్తకం చాలు. సమాచారం ఉండి మాట తడబడితే ఉచితంగా ఐదారు ఉత్తుత్తి ఇంటర్వ్యూలు చాలు. మాటే రాకపోతే, చేసే మనుషులు మీ ఊళ్లో దొరకకపోతే, అప్పు చేయకుండా కట్టగలిగితే, అప్పుడు కట్టండి. అదీ ఇంటర్వ్యూ పిలుపు వచ్చాక కాదు, నెలల ముందు.

కట్టేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఒకటి, ఒక్కొక్కరికి విడిగా ఎన్ని ఉత్తుత్తి ఇంటర్వ్యూలు చేస్తారు? అరవైమందిని హాలులో కూర్చోబెట్టి చెప్పే లెక్చరు ఇంటర్వ్యూ ట్రైనింగ్ కాదు. రెండు, బోర్డులో ఎవరు కూర్చుంటారు, బ్యాంకులో పనిచేసిన మనిషి ఒక్కరైనా ఉన్నారా? మూడు, తప్పొప్పులు కాగితం మీద రాసి ఇస్తారా? నాలుగు, మధ్యలో మానితే ఎంత తిరిగి ఇస్తారు? ఈ నాలుగవది నోటిమాటగా కాదు, రసీదు మీద.

ఫీజు చెప్పినప్పుడు జి.ఎస్.టి. కలిపా, విడిగానా అని కూడా అడగండి. కోచింగ్ మీద 18 శాతం పన్ను. 20,000 అని చెప్పినది కౌంటరు దగ్గర 23,600 అవుతుంది. ఆ 3,600 రూపాయలు ఒక పిల్లవాడికి ఇంటర్వ్యూకు పోయివచ్చే రైలు ఖర్చు, ఒక జత మంచి బట్టలు. రసీదు లేకుండా కట్టవద్దు. మోసపోయామనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. "లోపల మా మనిషి ఉన్నాడు, ఇంటర్వ్యూ మార్కులు వేయిస్తాము" అని ఎవరైనా అంటే అక్కడినుండి లేచి రండి. అతడు అడిగేది కోచింగ్ ఫీజు కాదు, లంచం పేరు చెప్పి చేసే దోపిడి.

ఉచితంగా దొరికేవి ముందు వెతకండి. ఆంధ్రప్రదేశ్‌లో మైనారిటీల విద్యాభివృద్ధి కేంద్రం, తెలంగాణలో మైనారిటీస్ స్టడీ సర్కిల్ ఉన్నాయి. ఏ బ్యాచి ఎప్పుడో జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయంలో అడిగితే చెబుతారు. ఆఫీసరు పరీక్షల దరఖాస్తులో పరీక్షకు ముందు శిక్షణ కావాలా అనే గడి కూడా వస్తుంటుంది. ఎస్.సి., ఎస్.టి.లతోపాటు మైనారిటీ అభ్యర్థులకు కొద్దిమందికి బ్యాంకులే ఉచితంగా ఇచ్చే శిక్షణ అది. మన పిల్లలు తొందరలో ఆ గడి వదిలేస్తున్నారు.

కాగితాల సంగతి

కోచింగ్ వాళ్లు చెప్పనిది, ఇంటర్వ్యూ గుమ్మం దగ్గర పిల్లలను ఏడిపించేది ఒకటుంది. సర్టిఫికెట్లు. 2007 చట్టం ప్రకారం మన రాష్ట్రంలో ముస్లింలలోని కొన్ని వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. అది రాష్ట్ర ఉద్యోగాలకు, రాష్ట్ర కళాశాలలకు. బ్యాంకులు చూసేది కేంద్ర ఓ.బి.సి. జాబితా. దూదేకుల, నూర్‌బాషా వారు ఆ జాబితాలో ఉన్నారు. బి.సి.-ఇ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన కేంద్రంలో ఓ.బి.సి. అనుకొని గడి నింపరాదు. తమ వర్గం పేరు కేంద్ర జాబితాలో ఉన్నదో లేదో ముందే చూసుకోవాలి. లేనివారు కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండి, భూమి, ఇంటి షరతులు కూడా సరిపోతే, 2019 నుండి ఉన్న ఇ.డబ్ల్యు.ఎస్. 10 శాతం కింద దరఖాస్తు చేయవచ్చు. తహసీల్దారు కార్యాలయంలో ఆ కాగితం నోటిఫికేషన్ అడిగిన నమూనాలో, అడిగిన తేదీలలో ఉండాలి. పేరు స్పెల్లింగు పదో తరగతి పట్టీలో ఒకలాగా, ఆధార్‌లో ఒకలాగా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. మహమ్మద్ అని ఒకచోట, ఎం.డి. అని ఒకచోట రాసిన పట్టీలు మా స్కూలులోనే ఎన్ని చూశామో!

ప్రైవేటు ఉద్యోగాల మాట

బి.కామ్., ఎం.బి.ఎ. పిల్లలు హైదరాబాదులో ప్రైవేటు బ్యాంకులకు, కంపెనీల అకౌంట్సు పనులకు ఇంటర్వ్యూలకు పోతున్నారు. అక్కడ మర్యాదలకన్నా లెక్క ముందు అడుగుతారు. "తరుగుదల 100 రూపాయలు పెరిగితే ఏమవుతుంది?" అని ఒక ప్రశ్న తిరుగుతూ ఉంటుంది. పన్ను 25 శాతం అనుకుంటే నికర లాభం 75 తగ్గుతుంది. తరుగుదలలో చేతినుండి డబ్బు పోదు గనుక, పన్ను తగ్గినందువల్ల నగదు 25 పెరుగుతుంది. ఆస్తి అప్పుల పట్టీలో యంత్రం విలువ 100 తగ్గి, నగదు 25 పెరిగి, మొత్తం 75 తగ్గుతుంది. అటువైపు మిగులు లాభం 75 తగ్గి రెండు వైపులా సరిపోతుంది. ఈ జవాబు టై కట్టుకోవడం నేర్పే చోట రాదు. అకౌంట్సు అర్థం చేసుకున్నవాడికి వస్తుంది. దానికి కాలేజీలోని పాత లెక్చరరు దగ్గర నాలుగు సాయంత్రాలు కూర్చున్నా చాలు.

శిక్షణ తర్వాత ఉద్యోగం అని చెప్పి విద్యార్థి పేర లోను పెట్టించే కోర్సులూ ఉన్నాయి. నియామక పత్రం ఎవరిస్తారు, ఎంత జీతం, మధ్యలో మానితే లోను ఎవరు కట్టాలి, ఈ మూడూ కాగితంలో చదివిన తర్వాతనే సంతకం పెట్టండి. చదివి అర్థం కాకపోతే కమిటీ దగ్గరికి తీసుకురండి. సంతకం తర్వాత తెస్తే మేము చేయగలిగింది తక్కువ.

సొసైటీకి మా మనవి

ఇక చివరి మాట. ఇంటర్వ్యూ కోచింగ్ ఫీజుల కోసం వచ్చే అర్జీలకు సొసైటీ సొమ్ము ఎలా ఇవ్వాలి? మేము మూడు సూచనలు చేస్తున్నాము.

మొదటిది, ఫీజు ఇవ్వడానికి ముందు మన సొంత బోర్డు పెట్టండి. బ్యాంకులో, ఎల్.ఐ.సి.లో, ట్రెజరీలో పనిచేసి రిటైరయినవాళ్లు మన సభ్యుల్లోనే ఉన్నారు. ఒక గది, మూడు కుర్చీలు, నెలకు రెండు ఆదివారాలు. ఒక కుర్చీలో చదువుకున్న మహిళ తప్పక ఉండాలి. అప్పుడు మా ఆడపిల్లలు ధైర్యంగా వస్తారు. ఈ బోర్డు మన పిల్లలకే కాదు, అడిగి వచ్చిన ఏ ఇరుగుపొరుగు పిల్లలకైనా తెరిచి ఉండాలి. కొత్త ముఖాలు ఎన్ని ఎక్కువైతే బెరుకు అంత తొందరగా పోతుంది.

రెండవది, ఫీజు సాయం ఇంటర్వ్యూకు కాక రాతపరీక్ష పుస్తకాలకు, పరీక్ష ఫీజులకు, నెలల తరబడి మాట్లాడించే ఇంగ్లీషు తరగతులకు ముందు ఇవ్వండి. మన బోర్డు రెండుసార్లు చూసి, ఈ పిల్లకు బయట సాయం తప్పదని రాసి ఇస్తే అప్పుడు ఇంటర్వ్యూ ఫీజూ ఇవ్వండి. సంకోచించవద్దు.

మూడవది, ఉద్యోగం వచ్చినవాళ్ల పేర్లతోపాటు ఎంతమంది వెళ్లారో, ఎంతమందికి రాలేదో వచ్చే సంవత్సరం ఈ సంచికలోనే అచ్చువేయండి. బయటి సంస్థలను అడగమన్న అంకెను మనం కూడా దాచరాదు కదా. రానివాళ్లను మళ్లీ కూర్చోబెట్టుకోవాలంటే వాళ్ల లెక్క మన దగ్గర ఉండాలి.

వచ్చే నెల మొదటి ఆదివారం నుండి మేము మూడవ కుర్చీలో కూర్చోవడానికి సిద్ధంగా ఉన్నాము. మిగిలిన రెండు కుర్చీలకు పేర్లు ఇవ్వదలచినవారు సభ అయిన తర్వాత కార్యదర్శిగారి దగ్గర రాయించగలరు.